ముస్లిం అయినా...

తెలుగులో మమ్మల్ని మెచ్చుకోవాలంటే ఒక మాట తప్పకుండా పడుతుంది. 'అయినా'. సాయిబులైనా మంచివాళ్ళు. తురకలైనా ఇల్లు ఎంత శుభ్రంగా ఉంచుకుంటారో. ముస్లిం అయినా తెలుగు ఎంత చక్కగా మాట్లాడతాడో. అనేవాళ్ళలో చాలామందికి దురుద్దేశం ఉండదు. ప్రేమగానే అంటారు. కానీ ఆ ప్రేమ మా దాకా వచ్చేసరికి, అందరి మీదా ఒక నేరం మోపి అందులోంచి ఒక్కణ్ణి జామీను మీద వదిలిపెట్టినట్టు ఉంటుంది. బయటికొచ్చినవాడు సంతోషించాలా? లోపల ఉండిపోయినవాళ్ళని తల్చుకుని బాధపడాలా?

ఈ మాట యుద్ధంలో చనిపోయిన ముస్లిం సైనికుడి దగ్గరికి వచ్చేసరికి ఇంకా బరువెక్కుతుంది. ముస్లిం అయినా దేశం కోసం ప్రాణమిచ్చాడు అంటారు. పతకం చూపిస్తారు. ఫోటోకి దండ వేస్తారు. ఆ పొగడ్తలో మేమూ గొంతు కలుపుతాం. కలపక ఏం చేస్తాం? అది తప్ప మా దగ్గర ఇంకో సాక్ష్యం లేదని మాకు చాలాకాలంగా నూరిపోశారు. ఇంతకీ ఆ సైనికుణ్ణి మనం గుర్తు చేసుకుంటున్నామా, లేక అతని ఖబర్‌ని సాక్ష్యం కోసం కోర్టుకి లాక్కెళ్తున్నామా? ఒకడి చావు మీద మిగిలినవాళ్ళ పౌరసత్వం ఆధారపడొచ్చా?

ఈ ప్రశ్నని మా ఊళ్ళకి చాలా దూరంలో జరిగిన ఒక చావు దగ్గర నిలబడి అడగాలనుకుంటున్నాం. దూరపు సంగతైతే ఆవేశం పక్కనపెట్టి వినే వీలుంటుంది. విన్నాక ఎవరి ఊరు వాళ్ళకి గుర్తు రాక మానదు.

కెప్టెన్ హుమాయూన్ ఖాన్ అమెరికా సైన్యంలో అధికారి. 1976లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో పాకిస్తానీ తల్లిదండ్రులకి పుట్టాడు. చిన్నప్పుడే ఆ కుటుంబం అమెరికా చేరింది. మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో పెరిగాడు. 2000లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చదువు పూర్తి చేశాడు. చదువుకుంటూనే సైనిక శిక్షణ తీసుకున్నాడు. తర్వాత తండ్రి ఖిజ్ర్ ఖాన్ లాగా లాయరు కావాలన్నది అతని కోరిక. (పాకిస్తానీ మూలాలున్న మనిషి పేరు మేము మంచిగా ఎత్తితే ఇక్కడ ఎవరేమనుకుంటారో అన్న జంకు ఈ నాలుగు వాక్యాలు రాస్తున్నప్పుడే మా చెయ్యి పట్టుకుంది. ఆ జంకు కూడా ఈ వ్యాసంలో భాగమే.)

2003లో అమెరికా ఇరాక్ మీద దండెత్తింది. మరుసటి ఏడాదికి హుమాయూన్ బాగ్దాద్‌కి ఈశాన్యాన ఉన్న బాకుబా పట్టణం దగ్గర సైనిక స్థావరంలో ఉన్నాడు. 2004 జూన్ 8 ఉదయం. స్థావరం గేటు కాపలా చూసే సైనికులు అతని కింద పనిచేస్తున్నారు. లోపల వందలమంది నాస్తా చేసే వేళ. ఒక టాక్సీ గేటు వైపు వస్తోంది. అతనికి అనుమానం వచ్చింది. తనవాళ్ళని వెనక్కి వెళ్ళి నేలమీద పడుకోమన్నాడు. తను మాత్రం ఆగమని చెయ్యెత్తి, కారుకి ఎదురు నడిచాడు. పది అడుగులు నడిచాడని చెబుతారు. కారు లోపలికి రాకుండా అక్కడే పేలిపోయింది. అతను చనిపోయాడు. అప్పటికి ఇరవై ఏడేళ్ళు. కారులో ఉన్నవాళ్ళు చనిపోయారు. ఆ పక్కన ఉన్న ఇరాకీలు కూడా చనిపోయారు. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

సైన్యం అతనికి బ్రాంజ్ స్టార్, పర్పుల్ హార్ట్ పతకాలిచ్చింది. రాజధాని పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో, ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ కోసం కేటాయించిన అరవయ్యో భాగంలో ఖననం చేశారు. తెల్లరాయి మీద నెలవంక, నక్షత్రం చెక్కారు. అతని కన్నవాళ్ళకి తప్ప మిగతా ప్రపంచానికి ఆ పేరు పన్నెండేళ్ళ పాటు పెద్దగా తెలియదు.

తెలిసిన విధానం చూడండి. 2015 డిసెంబరులో డొనాల్డ్ ట్రంప్ అధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు. ముస్లింలెవరినీ అమెరికాలోకి రానివ్వకూడదని ప్రకటించాడు. 2016 జూలై 28న ఫిలడెల్ఫియాలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ వేదిక మీదికి ఖిజ్ర్ ఖాన్, అతని భార్య గజాలా వచ్చారు. వెనక పెద్ద తెరమీద కొడుకు ఫోటో. తండ్రి జేబులోంచి అమెరికా రాజ్యాంగం చిన్న పుస్తకం తీసి ఎత్తి చూపాడు. ఇది ఎప్పుడైనా చదివావా అని ట్రంప్‌ని అడిగాడు. స్వేచ్ఛ, చట్టం ముందు సమాన రక్షణ అన్న మాటలు ఇందులో వెతుక్కోమన్నాడు. ఆర్లింగ్టన్‌కి వెళ్ళి ఆ సమాధులు చూడమన్నాడు. నువ్వు దేన్నీ, ఎవర్నీ త్యాగం చెయ్యలేదన్నాడు.

గజాలా పక్కన నిలబడింది. మాట్లాడలేదు. తలమీద దుపట్టా ఉన్న ఆడది మౌనంగా నిలబడితే లోకానికి ఒకటే అర్థం తడుతుంది. మాట్లాడటానికి ఆమెకి అనుమతి లేదేమో అని ట్రంప్ టీవీలో అన్నాడు. ఆమె పత్రికలో జవాబు రాసింది. కొడుకు ఫోటో వెనక ఉంటే గొంతు పెగల్లేదని రాసింది. అతని ఫోటోలున్న గదిలోకి ఇప్పటికీ వెళ్ళలేనని, అతని సామాన్లున్న అల్మారా తన చేతులతో సర్దలేకపోయానని రాసింది. చనిపోయి పన్నెండేళ్ళు. అల్మారా తెరవలేని తల్లి! ఆ తల్లి దుఃఖం కూడా మజ్‌హబ్‌ లెక్కలోకే వెళ్ళింది. మరో తల్లి అదే వేదిక మీద నోరు పెగలక నిలబడితే, పాపం, కడుపుకోత అనేవాళ్ళు. ముస్లిం తల్లి నిలబడితే ఇస్లాంలో స్త్రీల స్థానం గురించి చర్చ జరుగుతుంది!

ఆ తర్వాత అమెరికాలో చాలామంది ఖాన్ దంపతుల పక్షాన నిలబడ్డారు. ట్రంప్ సొంత పార్టీ పెద్దలు కూడా కొందరు మందలించారు. మంచిదే. మాకూ ఆనాడు గర్వంగానే ఉంది. కానీ ఆ సమర్థింపు ఏ పునాది మీద నిలబడిందో చూస్తే గర్వం నిలవదు. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి కాబట్టి అతన్ని అవమానించకూడదు అన్నారు. అవును, అవమానించకూడదు. మరి కొడుకు బతికున్న తండ్రిని? కొడుకుని సైన్యానికి పంపకుండా కిరాణా కొట్టులో కూర్చోబెట్టిన తండ్రిని? టాక్సీ నడుపుకునేవాణ్ణి, మొన్ననే వచ్చి ఇంకా ఇంగ్లీషు సరిగా రానివాణ్ణి అవమానించొచ్చా? వాళ్ళ తరఫున ఎత్తి చూపించడానికి పతకం లేదే!

ఖిజ్ర్ ఖాన్ చేతిలో పుస్తకం ఉంది. వెనక ఫోటో ఉంది. నిజానికి ఆ రెండూ చెప్పే మాటలు వేరు. ఫోటో చెప్పేది: మేము మూల్యం చెల్లించాం. పుస్తకం చెప్పేది: ఇక్కడ మూల్యం ప్రసక్తే లేదు. అమెరికా రాజ్యాంగానికి 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ, తన అధికార పరిధిలో ఉన్న ఏ వ్యక్తికైనా చట్టం సమాన రక్షణ ఇస్తుంది. మన రాజ్యాంగంలో పద్నాలుగో అధికరణం కూడా వ్యక్తి అనే అంటుంది. సైనికుడు అనదు. త్యాగధనుడు అనదు. ఆ అధికరణం ప్రకారం పౌరుడు కూడా కానక్కర్లేదు, మనిషైతే చాలు. పిలుపొస్తే దేశరక్షణకి పూనుకోవాలన్నది మన రాజ్యాంగంలో ప్రాథమిక విధిగా ఉంది. అది 1976లో చేర్చింది, అందరికీ వర్తించేది. ఆ విధి నెరవేర్చినవాళ్ళకే సమానత్వం అని ఎక్కడా రాసిలేదు. ప్రాణం పెట్టి కొనుక్కుంటే అది సరుకు అవుతుంది, హక్కు కాదు. సరుకైతే రేపు ధర పెంచొచ్చు. ఆ తండ్రి పుస్తకం చదవమంటే లోకం ఫోటో చూసింది.

ధర పెంచారు కూడా. 2017 జనవరి 27న అధ్యక్షుడైన ట్రంప్ ఏడు దేశాలవాళ్ళ రాకని నిలిపేస్తూ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. అందులో ఇరాక్ ఉంది. హుమాయూన్ చనిపోయిన నేల! అప్పుడు న్యూయార్క్ విమానాశ్రయంలో ఆపేసినవాళ్ళలో, అమెరికా సైన్యానికి ఏళ్ళ తరబడి దుబాసీగా పనిచేసిన ఇరాకీ ఒకడున్నాడు. గంటలకొద్దీ నిర్బంధంలో ఉంచి, గొడవయ్యాక వదిలారు. మార్చిలో ఉత్తర్వు మార్చినప్పుడు జాబితాలోంచి ఇరాక్‌ని తీసేశారు. 2018 జూన్‌లో ఆ నిషేధం మూడో రూపాన్ని అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 జనవరిలో తర్వాతి అధ్యక్షుడు బైడెన్ దాన్ని రద్దు చేశాడు. 2022లో ఖిజ్ర్ ఖాన్‌కి ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు. ఒక చేత్తో పతకం, ఒక చేత్తో నిషేధం. రెండూ ఒకే ఇంటి గుమ్మంలోంచి వచ్చినవే.

ఇంకో ఖబర్ గురించి చెప్పాలి. ఇది కూడా ఆర్లింగ్టన్‌లోనే, ఆ అరవయ్యో భాగంలోనే. కార్పొరల్ కరీమ్ రషాద్ సుల్తాన్ ఖాన్. న్యూజెర్సీ కుర్రవాడు. 2007 ఆగస్టులో అదే బాకుబాలో చనిపోయాడు. ఇరవై ఏళ్ళవాడు. అవే రెండు పతకాలు. తల్లి ఆ రాతిని కౌగిలించుకుని తల ఆనించిన ఫోటో 2008లో ఒక పత్రికలో వచ్చింది. అప్పుడు ఒబామా ముస్లిం అని ప్రచారం సాగుతోంది. అదేదో తిట్టు అన్నట్టు! ఒబామా పక్షంవాళ్ళు కూడా కాదు కాదు, క్రైస్తవుడే అని కంగారుగా జవాబిచ్చేవాళ్ళు. ఆ అక్టోబరులో మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ టీవీలో వేరే జవాబు చెప్పాడు. ఒకవేళ ముస్లిం అయితే మాత్రం ఏం, ఈ దేశంలో ముస్లిం కావడం తప్పా అని ఎదురడిగాడు. ఎంత మంచి ప్రశ్న! అక్కడ 'అయినా' లేదు. అలా అడిగిన పెద్దమనుషులు మాకు మా దేశంలోనూ ఎక్కువమంది దొరకలేదు.

కానీ ఆ ప్రశ్న తన కాళ్ళ మీద తను నిలబడగలదని పావెల్‌కి కూడా నమ్మకం లేకపోయింది. వెంటనే ఆ తల్లి ఫోటో సంగతి, ఆ రాతి మీది నెలవంక సంగతి చెప్పాడు. మళ్ళీ ఖబరే సాక్ష్యం! ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో కూర్చుని, ఇరాక్ దగ్గర సామూహిక సంహార ఆయుధాలున్నాయని లోకానికి చెప్పినవాడు ఈ పావెలే. ఆ ఆయుధాలు దొరకలేదు. ఆ ప్రసంగం తన పేరుకి మచ్చ అని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. లేని ఆయుధాల కోసం జరిగిన యుద్ధంలో ఇరవై ఏళ్ళ ముస్లిం కుర్రవాడు పోయాడు. ఆ యుద్ధానికి వాదించినవాడే అతని సమాధిని ముస్లింల మంచితనానికి రుజువుగా చూపించాడు. పావెల్ మనసు మంచిదే కావచ్చు. అయినా ఈ లెక్క మాకు మింగుడు పడదు.

మా దేశంలో మా దగ్గర కూడా అలాంటి పేర్లున్నాయి. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. 1948 జూలై 3న కశ్మీర్‌లోని ఝంగర్ దగ్గర చనిపోయాడు. మహావీరచక్ర. హవల్దార్ అబ్దుల్ హమీద్. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ రంగంలో జీపు మీది తుపాకీతో పాటన్ ట్యాంకుల్ని ఎదుర్కొని చనిపోయాడు. పరమవీరచక్ర. ఈ రెండు పేర్లూ మా పిల్లలకి కలిమా తర్వాత నేర్పిస్తామా అన్నంతగా వల్లెవేయిస్తాం. ఆగస్టు పదిహేనుకి, వక్తృత్వపు పోటీలకి, ఎవడైనా పాకిస్తాన్ పొమ్మన్నప్పుడు అడ్డం పెట్టుకోవడానికి. వాళ్ళు ఎలా నవ్వేవాళ్ళో, దేనికి భయపడేవాళ్ళో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. మాకు వాళ్ళతో పని పడింది గానీ పరిచయం కాలేదు. పక్కింటి పిల్లవాడు తన కులంలో ఎంతమంది సైనికులు చనిపోయారో లెక్క కంఠస్థం చెయ్యనక్కర్లేదు. వాడు పుట్టగానే ఈ దేశం వాడిది.

పోనీ, ఆ సాక్ష్యమైనా చెల్లుతుందా? 2019లో అస్సాంలో, ముప్పై ఏళ్ళు భారత సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక ముస్లిం అధికారిని విదేశీయుడని తేల్చి నిర్బంధ కేంద్రంలో పెట్టారు. హైకోర్టు జామీను ఇచ్చాక బయటికొచ్చాడు. అతను చేసిన తప్పేమిటి? బతికి తిరిగొచ్చాడు. చనిపోయి ఉంటే అతని ఫోటో కూడా ఎక్కడో గోడ మీద ఉండేదేమో!

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఇది బయటివాళ్ళు మమ్మల్ని అడిగేది కాదు, మాలో మేము అడుక్కునేది. హుమాయూన్ ఏ సైన్యంలో ఉన్నాడు? ఒక ముస్లిం దేశాన్ని ఆక్రమించిన సైన్యంలో. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అక్కడ సైన్యంలో చేరడం ఇష్టపూర్వకం. అలాంటివాణ్ణి షహీద్ అంటారా, అతనికి ఫాతెహా చదవాలా అని మా ఖౌమ్‌లోనే అడిగేవాళ్ళున్నారు. ఈ ప్రశ్నని తోసెయ్యలేం. ఇరాక్‌లో చనిపోయిన జనానికి పతకాలు లేవు, అరవయ్యో భాగం లేదు, చాలామందికి లెక్క కూడా లేదు. వాళ్ళ తల్లులకీ తెరవలేని అల్మారాలున్నాయి. ఒక్కడి ధైర్యం ఆ యుద్ధాన్ని న్యాయం చెయ్యదు. అతని పేరు చెప్పి ఆ యుద్ధాన్ని కడిగేస్తామంటే మేము ఒప్పుకోం.

కానీ యుద్ధం అన్యాయమైందని చెప్పి ఆ పది అడుగుల్ని అబద్ధం చెయ్యడానికీ ఒప్పుకోం. వెనకున్నవాళ్ళని పడుకోమని తను ముందుకి నడిచినవాడు ఆ క్షణంలో ఏ దేశాన్నీ జయించడానికి నడవలేదు. తన కింద ఉన్న పిల్లల్ని కాపాడటానికి నడిచాడు. యుద్ధానికి జవాబుదారీ దాన్ని మొదలుపెట్టినవాళ్ళది. ఆ సైన్యంలో చేరినందుకు జవాబు హుమాయూన్ది. ఆ రోజు గేటు దగ్గర చేసిన పని కూడా హుమాయూన్దే. ఒకదానికోసం ఇంకొకటి కొట్టెయ్యడం దేనికి? రాజ్యం మమ్మల్ని మరీ ఎక్కువ ముస్లింలు కాదని రుజువు చూపమంటుంది. మాలో కొందరు తగినంత ముస్లింలమేనని రుజువు చూపమంటారు. ఇద్దరి దగ్గరా ఒకే తక్కెడ. ఇద్దరూ తూచేది శవాన్నే.

ఇప్పుడు ఆ చివరి వాక్యం దగ్గరికి వద్దాం. ఆ పక్కన ఉన్న ఇరాకీలు కూడా చనిపోయారు. ఆ ఉదయం గేటు దగ్గర మూడు రకాల మనుషులున్నారు. కారులో బాంబుతో వచ్చినవాళ్ళు. ఎదురు నడిచినవాడు. ఊరికే అక్కడ ఉన్నవాళ్ళు. లోకం మొదటివాళ్ళని గుర్తుపెట్టుకుంది, ముస్లిం అంటే వీడే అని. రెండోవాణ్ణీ గుర్తుపెట్టుకుంది, ముస్లిం అయినా అని. మూడోవాళ్ళ పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. వాళ్ళు ఎవర్నీ చంపలేదు. ఎవరికోసమూ చావలేదు. వాళ్ళకి కావలసింది ఆ రోజు గడవడం.

మేము ఆ మూడోవాళ్ళం. గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసేవాళ్ళం, పాతబస్తీలో గాజులు చేసేవాళ్ళం, దూదేకులవాళ్ళం, టైరు పంక్చర్లు వేసేవాళ్ళం, స్కూలు టీచర్లం, బీడీలు చుట్టే ఆడవాళ్ళం. మాలో నూటికి తొంభై తొమ్మిదిమంది బాంబు పెట్టరు, పతకమూ తేరు. పెళ్ళిళ్ళు చేసుకుంటారు, అప్పులు తీరుస్తారు, రోజాలుంటారు, కొందరు ఉండరు. ఈ మామూలు మనుషులకి ఏ సాక్ష్యమూ అడగకుండా చోటిచ్చినప్పుడే అది దేశం. వీరులకి మాత్రమే చోటిచ్చేది దేశం కాదు, మ్యూజియం.

మరి వీరుణ్ణి గుర్తు చేసుకోవద్దా? చేసుకోవాలి. అయితే మా పని కోసం కాదు. హుమాయూన్ ఖాన్ అని ఒక కుర్రవాడుండేవాడు. లా చదవాలనుకున్నాడు. ఇరవై ఏడేళ్ళకి, ఎవరో మొదలుపెట్టిన తప్పుడు యుద్ధంలో, తన వెనకున్నవాళ్ళని కాపాడుతూ చనిపోయాడు. వాళ్ళమ్మ ఆ అల్మారా ఇంకా తన చేత్తో సర్దలేకపోయింది. ఇంతే. ఈ వాక్యాల్లో 'అయినా' ఎక్కడా అవసరం పడలేదు చూడండి. దాన్ని తీసేసి చూస్తేనే అతను మనిషిగా కనిపిస్తాడు, అతని పక్కన పేర్లు లేకుండా పోయిన ఆ ఇరాకీలు కూడా కనిపిస్తారు.

మా మిత్రులకి మా మనవి ఇదే. మా చనిపోయినవాళ్ళకి దండలు వెయ్యండి, కాదనం. కానీ బతికున్నవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వడానికి ముందు ఆ దండలు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. మాలో ఒకణ్ణి మెచ్చుకునేటప్పుడు నాలుక చివరికి వచ్చే ఆ చిన్న మాటని ఒక్కసారి ఆపి చూడండి. మేము కూడా మా వైపు నుంచి ఒక పని చేస్తాం. ఉస్మాన్, హమీద్, హుమాయూన్, కరీమ్... వీళ్ళని ఇక సాక్షుల బోనులో నిలబెట్టం. వాళ్ళు చెప్పాల్సిన సాక్ష్యం ఎప్పుడో చెప్పేశారు. ఇక వాళ్ళని పడుకోనిద్దాం. వాళ్ళకోసం చదివే దువాలో మా కోసం ఏమీ అడగం.